ఋణము తీరిన పిమ్మట నడచు బండి



నేడు మన గ్రామములలో ఎడ్లజత కొనువారికంటె మోటారు బండి కొనువారే హెచ్చుగా నున్నారు. మదనపల్లె ప్రాంతపు టమాటాలు చెన్నపట్టణమునకు పోవలెనన్నను, పల్నాటి మిరపబస్తాలు గుంటూరు యార్డునకు చేరవలెనన్నను, ఓరుగల్లు జిల్లాలోని ప్రత్తి ఎనుమాముల మార్కెట్టునకు పోవలెనన్నను లారీయో చిన్న ట్రక్కో లేనిదే పని జరుగదు. బండి కొనుటకు చేతిలో రొక్కమున్న రైతులు కొందరే. తక్కినవారు బ్యాంకు వద్దనో, ఫైనాన్సు కంపెనీ వద్దనో, సహకార సంఘము వద్దనో ఋణము తీసికొనుచున్నారు. కావుననే నేను ప్రదర్శన క్షేత్రముల పనిమీద ఏ యూరికి పోయినను విత్తనముల గూర్చియు ఎరువుల గూర్చియు ప్రసంగము ముగిసిన వెంటనే ఎవరో యొకరు, "అయ్యా, ఏ బండి యెక్కువకాలము మన్నును?" అని అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాను.

మొదట ఒక చిన్న లెక్క చూడుడు. ఒక రైతు తన ట్రక్కును దినమునకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 దినములు నడపెననుకొందము. సాలుకు 30,000 కిలోమీటర్లగును. ఋణము ఐదేండ్ల వాయిదాలమీద తీసికొన్నచో, తుది వాయిదా చెల్లించునాటికి ఆ బండి 1,50,000 కిలోమీటర్లు తిరిగియుండును. అప్పటికే ఇంజను మూలబడి మరల క్రొత్త బండికి క్రొత్త ఋణము తేవలసివచ్చినచో, ఆ రైతు ఐదేండ్లును అప్పిచ్చినవాని కొరకే బండి తోలినట్లయ్యెను. అదే బండి 3,00,000 కిలోమీటర్ల వరకు నడచినచో, మిగిలిన ఐదేండ్ల కిరాయి వాయిదాలకు పోక యింటనే నిలుచును. ఋణము తీరిన పిమ్మట నడచు కిలోమీటరే రైతుకు నిజమైన లాభము. బండి మన్నిక గూర్చిన ప్రశ్న రచ్చబండ మీది కాలక్షేపము కాదనియు, పిల్లల చదువునకు సొమ్ము మిగులునా మిగులదా యను ప్రశ్నతో సమానమైనదనియు గ్రహింపవలెను.

ఈ విషయమున ఇతర దేశములవారు చేసిన పరిశీలనలు కలవు. అమెరికాలో ఐసీకార్స్ అను సంస్థ 2022లో ఇరువది లక్షలకు పైగా వాహనముల మీటర్లను పరిశీలించి ఒక పట్టిక ప్రకటించెను. అందు టయోటా సెకోయా మొదటి స్థానమును, టయోటా ల్యాండ్ క్రూయిజరు రెండవ స్థానమును పొందినవి. షెవర్లే సబర్బను, టయోటా టండ్రా, టయోటా ప్రయస్ మున్నగునవియు మొదటి పదింటిలో నిలిచినవి. సెకోయాకు చూపిన దూరము 2,96,000 మైళ్లకు పైమాట, అనగా సుమారు 4,77,000 కిలోమీటర్లు. అయితే ఈ యంకెను చదువునపుడు ఒక జాగ్రత్త యవసరము. ప్రతి మోడలులోను అందరికంటె హెచ్చుదూరము నడచిన నూటికొక్క బండి చేరిన మేర అది. ప్రతి సెకోయాయు అంతదూరము పోవునని దాని యర్థము కాదు. నూరు ఎకరములలో ఒక్క ఎకరము పండిన పంటను చూపి మండలమంతయు అట్లే పండునని చెప్పుట యెంత తప్పో, ఇదియు అంతే తప్పు.

ఐనను ఆ పట్టిక నుండి నేర్వదగిన దొకటి కలదు. అందు ముందు నిలిచినవానిలో పెక్కులు బలమైన ఇనుప చట్రముపై వేరుగా పైభాగమును బిగించిన బండ్లు. వాని ఇంజన్లు పెద్దవి. చేయు పనికంటె చేయగల శక్తి హెచ్చు. నాలుగు బస్తాలు లాగగల ఎద్దుచేత రెండు బస్తాలు లాగించినచో అది ఎన్నేండ్లు మన్నునో మనకు తెలిసినదే. ఇంజను విషయమును అట్టిదే.

ఇక అత్యధిక దూరము నడచిన బండ్ల చరిత్రలను చూతము. న్యూయార్కు రాష్ట్రమునందలి లాంగ్ ఐలండులో ఇర్వ్ గోర్డన్ అను ఉపాధ్యాయుడు 1966లో వోల్వో పి1800 అను కారును కొనెను. 2013 సెప్టెంబరులో అలాస్కాలో అది 30 లక్షల మైళ్లు, అనగా 48 లక్షల కిలోమీటర్లు పూర్తిచేసెను. 6,80,000 మైళ్లు నడచిన పిమ్మట గాని దాని ఇంజనును మొదటిసారి విప్పి బాగుచేయింపవలసిన యవసరము కలుగలేదు. గ్రీసు దేశమున గ్రెగోరియోస్ సాఖినిడిస్ అను టాక్సీ నడపువాడు 1976 నాటి మెర్సిడెస్ 240డి కారును 46 లక్షల కిలోమీటర్లు నడపి, 2004లో ఆ కంపెనీవారి మ్యూజియమునకు ఇచ్చెను. దానికి ఇంజన్లు పలుమారులు మార్చబడినవి. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున విక్టర్ షెపర్డ్ అను నతడు 2007 నాటి టయోటా టండ్రా ట్రక్కును 2016 నాటికి పది లక్షల మైళ్లు నడపెను. దానికి ఇంజనును గేరుబాక్సును మార్చలేదు. కంపెనీవారు అతనికి క్రొత్త ట్రక్కు నిచ్చి, పాతదానిని పరీక్షకై తీసికొనిపోయిరి.

ఈ మూడు బండ్లు మూడు దేశముల కంపెనీలు చేసినవి. ఒకటి చిన్న కారు, ఒకటి టాక్సీ, ఒకటి ట్రక్కు. రెండు పెట్రోలువి, ఒకటి డీసెలుది. మూడింటికిని సామాన్యమైన లక్షణములు రెండు. మొదటిది, ఇవి ఏకధాటిగా దూరప్రయాణములు చేసిన బండ్లు. రెండవది, ఎన్ని మైళ్లకు ఏ పని చేయింపవలెనో ఆ పనిని వాయిదా వేయక చేయించిన యజమానుల చేతిలో నుండినవి. కంపెనీ పేరు మన్నికలో ఒక సగమే. రెండవ సగము యజమాని చేతిలో నున్నదని నా దృఢమైన యభిప్రాయము.

మన దేశపు బండ్లకు వత్తము. మన్నిక యనునది రెండు విధములు. సులభముగా చెడకుండుట ఒక విధము. చెడినను సులభముగా బాగుపడుట రెండవ విధము. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు రెండవ తెగకు చెందినది. అది చెడనిదని ఎవ్వరును చెప్పలేరు గాని, దానిని బాగుచేయలేని మేస్త్రీ ఏ పట్టణమునను లేకుండెను; భాగములు ఎక్కడనైనను దొరికెడివి. 2000లో మన దేశమునకు వచ్చిన టయోటా క్వాలిస్, దాని తరువాత 2005లో వచ్చిన ఇన్నోవా మొదటి తెగకు చెందినవి. కిరాయికి తిరుగు ఇన్నోవాలలో మూడు లక్షల కిలోమీటర్లు దాటినవి మన రోడ్లమీద అరుదు కాదు. సరుకు మోయు బండ్లలో 1986లో వచ్చిన టాటా 407కును, పల్లెబాటలలో 2000 నుండి తిరుగుచున్న మహీంద్రా బొలేరోకును ఈ రెండు గుణములు కొంత కొంత కలవు. రెంటికిని నిచ్చెనవంటి ఇనుప చట్రము కలదు. రెంటికిని మండల కేంద్రములలోనే భాగములు దొరకును. పెద్ద లారీల ఇంజన్లలో సిలిండరు లైనర్లను మార్చి మరల క్రొత్తగా కట్టుటకు వీలుండును. విజయవాడ ఆటోనగరులో నిత్యము జరుగుచున్న పని యదియే. గ్రామములో నివసించు రైతు బండిని ఎన్నుకొనునపుడు, "ఇది చెడినచో ఎంత దూరములో బాగగును, ఎన్ని దినములు నిలిచిపోవును?" అని మొదట అడుగవలెను. ఎంతటి మంచి బండియైనను భాగము కొరకు నెలదినములు షెడ్డులో నున్నచో కోతకాలమున అది యినుపముక్కతో సమానము.

కిలోమీటర్ల లెక్కయొక్కటే చూచుటయు మోసకరమే. ట్రాక్టరునకు కిలోమీటర్లతో గాక గంటలతో లెక్క వేయుదుము గదా. ట్రక్కునకును మనస్సులో ఆ లెక్క వేసికొనవలెను. రాజమార్గముపై గంటకు 60 కిలోమీటర్ల వేగముతో లక్ష కిలోమీటర్లు పోయిన బండి ఇంజను సుమారు 1,670 గంటలు పనిచేసినది. పొలముబాటలలో, సంతలలో ఆగుచు గంటకు 25 కిలోమీటర్ల చొప్పున అదే లక్ష పోయిన బండి 4,000 గంటలు పనిచేసినది. మీటరు రెంటికిని ఒకే యంకె చూపును. అరుగుదల మాత్రము ఒకటి కాదు. పైగా చల్లని ఇంజనును మాటిమాటికి స్టార్టుచేసి రెండు మైళ్లు పోయి ఆపుటవలన అది బాగుగా వేడెక్కదు. చమురులో తేమయు ఇంధనమును చేరును. ఈ కారణముచేతనే పాత టాక్సీ ఇంజను కొన్ని వేళల ఇంటిముందు నిలిపియుంచిన కారు ఇంజనుకంటె బాగుండుట కలదు.

ఇక యజమాని చేతిలో నున్న పనులను చెప్పెదను. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన పెద్దలు చెప్పిన సామెత మోటారు బండికి మరింత వర్తించును. ఎడ్లబండి ఇరుసు ఎండిపోయినచో కూతపెట్టి చెప్పును; ఇంజనులోని చమురు చెడిపోయినచో అది నోరెత్తదు. చెప్పునాటికి ఖర్చు వేలను దాటి లక్షలకు చేరును. కంపెనీవారి పుస్తకములో ఎన్ని కిలోమీటర్లకు చమురును, దాని ఫిల్టరును మార్చవలెనని యున్నదో అన్నిటికే మార్చవలెను. దుమ్ములోను బరువుతోను నడచు బండికి అంతకు ముందే మార్చవలెను. ఏ రకపు చమురు వ్రాయబడియున్నదో ఆ రకమే వాడవలెను. టర్బో కల ఇంజనును చడావెక్కిన వెంటనే, లేక దూరము పరుగెత్తిన వెంటనే ఆపక ఒకటి రెండు నిమిషములు ఊరక తిరుగనీయవలెను.

దుమ్ము విషయము రైతుకు చెప్పనక్కరలేదు. వేసవిలో నల్లరేగడి బాటలలో లేచు ధూళియందును ఇసుక రేణువులందును సానరాతి గుణము కలదు. గాలి ఫిల్టరు చినిగినను, దాని గొట్టము బిగువు సడలినను, ఆ ధూళి సిలిండరులో చేరి పిస్టను రింగులను అరగదీయును. రేడియేటరులో పోయు నీటియందును శ్రద్ధ కావలెను. మన బోరు నీటిలో సున్నము, లవణములు హెచ్చు. కాచిన బిందెలో తెల్లని పెచ్చు కట్టినట్లే అది రేడియేటరు గొట్టములలోను పెచ్చు కట్టి ఇంజను వేడిని పోనీయదు. కంపెనీ చెప్పిన కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయుటకు అగు ఖర్చు, హెడ్డు విప్పించుటకు అగు ఖర్చులో స్వల్పభాగమే.

తుప్పు గూర్చి ఒక మాట. పొటాషు ఎరువు క్లోరైడు లవణము. అది ఇనుమును తినివేయును. రొయ్యలు, చేపలు తీసికొనిపోవు బండ్లలో కారు ఉప్పునీరును అట్టిదే. ఎరువుల బస్తాలు దించిన సాయంకాలమే బండిని ఊడ్చి, క్రింది చట్రముతో సహా మంచినీటితో కడుగు రైతులు మిక్కిలి తక్కువ. ఇంజను బాగుండియు చట్రము పుచ్చిపోయి పాత ఇనుప కొట్టునకు పోవు బండ్లు తీరప్రాంతములలో నెన్నియో కలవు.

అన్నిటికంటె పెద్ద శత్రువు అధికభారము. 2005లో వచ్చిన టాటా ఏస్ బండి ముప్పాతిక టన్ను మోయుటకు నిర్మింపబడినది. దానిమీద టన్నున్నర వేసి, "ఇది మోయుచున్నది గదా" యని సంతోషించుట మనకు అలవాటు. యంత్రశాస్త్రములో బేరింగుల ఆయువును గూర్చి ఒక సూత్రము కలదు. రోలరు బేరింగుపై పడు బరువు ఒకటిన్నర రెట్లైనచో దాని యాయువు సుమారు నాలుగవ వంతునకు దిగును. రెండు రెట్లైనచో పదవ వంతునకు దిగును. అనగా రెండు తడవల కిరాయి ఒక తడవలో మిగిలినదని తలచిన రైతు, పది తడవల బేరింగు ఆయువును ఆ యొక్క తడవలో ఖర్చుచేసినాడు. కమాను కట్టలు, క్లచ్చి, టైర్లు, బ్రేకులు కూడ ఆ త్రోవనే పోవును. ఇక అట్టి బండి బ్రేకు పడక ప్రమాదము జరిగినచో కలుగు నష్టమునకు లెక్కయే లేదు.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమ్ముడగు క్రొత్త బండ్లకు భారత్ స్టేజి ఆరు నియమములు వర్తించుచున్నవి. పెద్ద డీసెలు లారీలలోను, కొన్ని చిన్న బండ్లలోను పొగను శుద్ధిచేయుటకై ఒక యూరియా ద్రవమును వేరే ట్యాంకులో పోయవలసియున్నది. అందు యూరియా నూటికి 32.5 వంతులు, తక్కినది అతిశుద్ధమైన నీరు. ఎరువుల యూరియాను నీళ్లలో కలిపి పోసినచో చాలదా యని నన్ను అడిగిన రైతులున్నారు. వ్యవసాయ శాఖ మనిషిగా స్పష్టముగా చెప్పుచున్నాను: ఎంతమాత్రమును పోయరాదు. మన ఎరువు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరియైనది. అందు బైయూరెట్ అను పదార్థము నూటికి ఒకటిన్నర వంతువరకు ఉండవచ్చును. బండికి పోయు ద్రవములో 0.3 వంతునకు మించరాదు. వేపనూనెయు బైయూరెట్టును బోరునీటి లవణములును సన్నని సూదులను మూసివేసి, విలువైన శుద్ధియంత్రమును పాడుచేయును. పైరునకు పనికివచ్చినదెల్ల బండికి పనికిరాదు.

పాత బండి కొనువారికి కొన్ని సూచనలు. ఎద్దును కొనునపుడు నోరు తెరచి పండ్లు చూచి వయస్సు తెలిసికొందుము. అమ్మువాని మాట నమ్మము. మోటారు బండికి మీటరు పండ్లవంటిదని తలచుచున్నాము గాని, మీటరు అంకెను వెనుకకు త్రిప్పు విద్య బజారులో చిరకాలముగా నున్నది. కావున మీటరును గాక కాలిపెడళ్ల రబ్బరును, స్టీరింగు అరుగుదలను, సీటు క్రుంగుటను చూడుడు. చల్లని ఇంజనును మీ యెదుట స్టార్టుచేయించి పొగ రంగు చూడుడు: నీలిపొగ చమురు కాలుచున్నదనుటకు గుర్తు, ఆగకుండ వచ్చు తెల్లని పొగ కూలెంటు లోపలికి చేరుచున్నదనుటకు గుర్తు కావచ్చును. చట్రమును క్రిందికి దూరి చూచి, అతుకులున్నవేమో కనుగొనుడు. అన్నిటికి మించి సర్వీసు పుస్తకమును, రసీదులను అడుగుడు. రసీదులతో కూడిన రెండు లక్షల కిలోమీటర్ల బండి, రసీదులు లేని ఎనుబది వేల కిలోమీటర్ల బండికంటె మేలని నా మతము.

చట్టమును కూడ మరువరాదు. సరుకు బండ్లకు ఎనిమిదేండ్లు నిండిన పిమ్మట ఫిట్‌నెస్ పరీక్ష ఏటేట జరుగును. 15 ఏండ్లు దాటిన బండ్ల రుసుములు 2022 ఏప్రిల్ నుండి మిక్కిలి హెచ్చింపబడినవి. ఇందువలన ఒక సంగతి తేలుచున్నది. ఏడాదికి పదివేల కిలోమీటర్లయినను నడపని రైతు, పదునైదేండ్లకును లక్షన్నర దాటడు. మూడు లక్షలు మన్ను బండిని ఋణముతో కొని అతడు పొందు ప్రయోజనమేమి? అట్టివారు సొంతబండి కొనరాదనియే నేను చెప్పుదును. పదిమంది రైతులు చేరి సంఘము పేరిట ఒక మంచి బండిని ఉంచుకొని, వంతుల ప్రకారము కిరాయి చెల్లించుకొనుట మేలు. ఇంటిముందు బండి నిలిచియుండుట గౌరవమని కొందరందురు. వాయిదా కట్టలేక బండిని ఈడ్చుకొనిపోయిన దినమున ఆ గౌరవము ఎక్కడ నుండునో వారే యోచింపవలెను.

"చమురులు, ఫిల్టర్లు సకాలమున మార్చుటకు మావద్ద రొక్కమెక్కడిది? పంట వచ్చిన పిమ్మటనే గదా" అని కొందరు ఆక్షేపింతురు. ఇది న్యాయమైన మాటయే. దీనికి సహకార సంఘమే మందు. సంఘము వాహన ఋణమిచ్చునపుడు వాయిదాతోపాటు నెలకు కొంత సొమ్మును మరమ్మతు నిధిగా వేరు ఖాతాలో జమకట్టించి, చమురు మార్చవలసిన వేళకు ఆ సొమ్మును విడుదల చేయవలెను. ప్రతి బండికి ఒక పుస్తకముంచి, తేదీ, మీటరు అంకె, చేసిన పని, రసీదు సంఖ్య వ్రాయించి, మూడు మాసములకొకమారు కార్యదర్శి చూచి సంతకము చేయవలెను. చమురులును టైర్లును సంఘము మొత్తముగా కొన్నచో ధరయు తగ్గును, నకిలీ సరుకు భయమును తగ్గును. పొలమునకు ఋణమిచ్చునపుడు అడంగలు చూడక ఇయ్యము. బండికి ఋణమిచ్చినపుడు దాని పుస్తకము చూచుట ఏల తప్పగును? బండి మన్నినచో సంఘపు ఋణమును మన్నును.

ఏ బండి యెక్కువకాలము మన్నునని అడిగినవారికి నా సమాధానమిది: బలమైన చట్రము, అవసరమునకు మించిన శక్తి, సమీపమున భాగములు, మేస్త్రీ కల మోడలును ఎన్నుకొనుడు, దానిపై వ్రాయబడిన బరువునకు మించి వేయకుడు, పుస్తకము వ్రాయుడు. రాబోవు సర్వసభ్య సమావేశమునందు మరమ్మతు నిధిని గూర్చియు బండి పుస్తకమును గూర్చియు ఒక తీర్మానము ప్రవేశపెట్టవలసినదిగా ప్రతి సంఘపు సభ్యులను కోరుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు